‘ఏది’ తేలితేనే ‘ఎక్కడ’

బాల్ బేరింగు అంచు మీద 6204 అని చెక్కి ఉంటుంది. మొదటి 6 అది ఒంటి వరుస గుండ్లున్న రకమని చెబుతుంది, తర్వాతి 2 కొలతల శ్రేణిని చెబుతుంది. చివరి రెండంకెలు 04 గానీ అంతకు పైన గానీ ఉంటే, వాటిని అయిదుతో హెచ్చవేస్తే లోపలి రంధ్రం వ్యాసం వస్తుంది: నాలుగయిదులు ఇరవై, అంటే 20 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 47, మందం 14 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ చేసినా, ఏ ఊళ్ళో కొన్నా ఈ కొలతలు మారవు. అందుకే మోటారు మెకానిక్కు కొట్టుకొచ్చి కొలతలేవీ ఏకరువు పెట్టడు, నంబరు చెప్పి ఊరుకుంటాడు. ఇంత సమాచారం మోస్తున్న ఆ నంబరు ఒక్క సంగతి మాత్రం చెప్పదు. ఆ బేరింగు కొట్లో ఏ ర్యాకులో, ఏ అరలో ఉందన్నది దానికి తెలియదు. తెలిసే వీలూ లేదు. నంబరు వస్తువు స్వభావాన్ని బట్టి వచ్చింది, చోటు కొట్టువాడి వీలును బట్టి వచ్చింది. ఆ రెంటికీ పుట్టుకతో చుట్టరికం లేదు. ఎవరో ఒకరు పూనుకుని ఒకే వరుసలో పక్కపక్కన రాసిపెడితేనే వాటికి బంధం ఏర్పడుతుంది. స్ప్రెడ్‌షీటులో లుకప్ ఫార్ములాలని పిలిచేవి ఆ రాతను చదివిపెట్టే సాధనాలు. అవి ర్యాకులను వెతుకుతున్నాయని మనం అనుకుంటాం గానీ, వాటి చూపు షీటు దాటి బయటికి పోదు. ఈ అధ్యాయంలో మిగతా వాదమంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడుతుంది.

ముందు ఫార్ములా పనితీరు చూద్దాం. ఒక స్పేర్ పార్టుల కొట్టు షీటులో మొదటి కాలమ్‌లో పార్టు నంబరు, రెండోదాన్లో వివరం, మూడోదాన్లో ర్యాకు, అర నంబర్లు ఉన్నాయనుకుందాం. వీలుకప్ అనే ఫార్ములాకు నాలుగు మాటలు చెప్పాలి. దేన్ని వెతకాలి, ఏ పట్టికలో వెతకాలి, దొరికిన వరుసలో ఎన్నో కాలమ్‌లో ఉన్నది తెచ్చి చూపాలి, సరిగ్గా అదే కావాలా లేక దరిదాపుల్లోది చాలా. 6204 అని అడిగితే అది మొదటి కాలమ్ వెంట దిగుతూ పోయి, 6204 కనబడ్డచోట ఆగి, అదే వరుసలో మూడో గడికి జరిగి, అక్కడున్న ‘ఆర్3-12’ అనే రాతను పట్టుకొస్తుంది. మూడో ర్యాకు, పన్నెండో అర. పేరులోని ‘వీ’ నిలువు అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు పొడి అక్షరం. పని ఇంతే. హాల్ టికెట్ నంబరు కొడితే మార్కులు రావడం, కరెంటు సర్వీసు నంబరు చెబితే బాకీ తేలడం ఈ జాతి పనులే. ఒక గుర్తు ఇస్తాం, దాని పక్కన రాసి ఉన్నది తిరిగి వస్తుంది. ఆ గుర్తును కంప్యూటర్ వాళ్ళు ‘కీ’ అంటారు. తాళంచెవికి ఉండాల్సిన లక్షణమే దానికీ ఉండాలి: ఒక్క గంటు తేడా ఉన్నా తాళం రాకూడదు.

పేరునూ చోటునూ విడదీయడం కంప్యూటర్లతో మొదలైన తెలివి కాదు. గ్రంథాలయాలు ఈ దారిలో ఎప్పుడో నడిచాయి. పూర్వం చాలా గ్రంథాలయాల్లో పుస్తకానికి స్థిరమైన చోటుండేది. ఫలానా బీరువా, ఫలానా అర, అందులో ఎన్నో పుస్తకం అన్న అంకెల్నే దాని మీద రాసేవారు. పద్ధతి తేలికైనదే. కానీ కొత్త పుస్తకాలతో అర నిండినప్పుడో, బీరువాలు వేరే గదికి మార్చినప్పుడో ప్రతి పుస్తకం మీది అంకె చెరిపి మళ్ళీ రాసుకోవాలి. 1876లో మెల్విల్ డ్యూయీ అచ్చువేసిన దశాంశ వర్గీకరణ ఈ చిక్కును విప్పింది. అందులో అంకె అరను వదిలి విషయాన్ని పట్టుకుంది. పుస్తకం ఏ గదిలో ఉన్నా దాని అంకె మారదు, ఇరుగుపొరుగు పుస్తకాలను బట్టి దాని చోటు తేలుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణతో దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. అంతకు రెండేళ్ళ ముందు 1931లో ఆయన ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. కొట్టు కౌంటరు ముందు నిలబడ్డ మెకానిక్కుకూ అదే సూత్రం వర్తిస్తుంది.

అయితే డ్యూయీ పద్ధతిలో ఒక కట్టుబాటు మిగిలే ఉంది. పుస్తకాలు వరస తప్పకూడదు. మధ్యలో కొత్తది చేరితే పక్కవన్నీ జరగాలి. వస్తువు చోటును పట్టికలో రాసుకునే వాడికి ఆ కట్టు కూడా అక్కర్లేదు. 6204 పక్కన 6205 ఉండాలన్న నియమం పోయింది. ఏ అర ఖాళీగా ఉంటే అందులో పెట్టి, ఆ అర నంబరు రాసుకుంటే సరి. అమెజాన్ తన పెద్ద గోదాముల్లో చేసేది ఇదే. ఒకే అరలో సబ్బు పక్కన పుస్తకం, దాని పక్కన ఫోను ఛార్జరు ఉంటాయి. పెట్టేవాళ్ళు వస్తువునూ అరనూ స్కాన్ చేస్తారు, తీసేవాళ్ళకు తెర మీద అర నంబరు కనిపిస్తుంది. చూడ్డానికి చిందరవందరే గానీ లెక్క ఉంది. ఖాళీ జాగా వృథా పోదు. పైగా ఒక పోలికవి పక్కపక్కన ఉండవు కనక, 6203 తీయబోయి 6204 తీసే పొరపాటు తగ్గుతుంది. దీనికి చెల్లించాల్సిన మూల్యం మాత్రం చిన్నది కాదు. వరసగా సర్దిన కొట్లో రిజిస్టరు పోయినా సరుకు దొరుకుతుంది. కంటికి వరస కనబడుతుంది, చేయి అటు పోతుంది. వరస లేకుండా సర్దిన గోదాములో రిజిస్టరు పోతే, సరుకు నాలుగు గోడల మధ్యే ఉన్నా పోయినట్టే. వస్తువును ఎక్కడైనా పెట్టుకోవచ్చన్న స్వేచ్ఛ ఎంత పెరిగితే, దాని పేరు రాయడంలో నిష్ఠ అంత పెరగాలి. లుకప్ ఫార్ములాలతో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ ఒప్పందంలో మొదటి సగాన్నే తీసుకుని రెండోదాన్ని వదిలేయడం వల్ల వచ్చేవే.

ఇక్కడ చరిత్రలో ఒక మలుపు చూడాలి, ఎందుకంటే నేటి తప్పుల్లో ఒకదాని వేరు అక్కడుంది. వ్యక్తిగత కంప్యూటర్ల మీద మొదటి స్ప్రెడ్‌షీటు విజిక్యాల్క్. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ దాన్ని తయారు చేశారు, 1979లో ఆపిల్ 2 కంప్యూటరు మీద అది బజారుకొచ్చింది. 254 వరుసలు, 63 కాలమ్‌లు దాని విస్తీర్ణం. ఫ్రాంక్‌స్టన్ అందులో లుకప్ ఫార్ములా చేర్చడానికి కారణం గోదాములూ కావు, ర్యాకులూ కావు. తన ఆదాయపు పన్ను లెక్క తానే దానిమీద వేసుకోవాలనుకున్నాడు. పన్ను పట్టిక తీరు వేరు. మెట్లు 2,50,000 దగ్గర ఒకటి, 5,00,000 దగ్గర ఒకటి, 10,00,000 దగ్గర ఒకటి ఉన్నాయనుకోండి. ఒకాయన ఆదాయం 7,35,000. ఆ అంకె పట్టికలో ఎక్కడా ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. దానికి మించని మెట్లలో అన్నిటికంటే పెద్దది 5,00,000 కనక ఆ మెట్టు రేటు తీసుకోవాలి. కాబట్టి తొలి లుకప్ అచ్చంగా అడిగినదాన్ని కాక, అడిగినదానికి మించని వాటిలో పెద్దదాన్ని పట్టుకునేలా పుట్టింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో వీలుకప్ అన్న పేరు చేరింది, 1985లో మెకింటాష్ మీద మొదలైన ఎక్సెల్ ఆ పేరునూ ఆ స్వభావాన్నీ వారసత్వంగా తీసుకుంది. నాలుగో మాట మనం చెప్పకుండా వదిలేస్తే, వీలుకప్ నేటికీ ‘దరిదాపుల్లోది చాలు’ అనే అర్థం చేసుకుంటుంది.

పన్నుకు పనికొచ్చే గుణం పార్టుల కొట్లో ఎలాంటి హాని చేస్తుందో మన బేరింగుతోనే చూడొచ్చు. షీటులో 6202, 6203, 6205 ఉన్నాయి, 6204 ఎక్కించడం మరిచిపోయారు. కౌంటరు కుర్రాడు 6204 కొట్టాడు, ఫార్ములాలో నాలుగో మాట లేదు. 6204కు మించని వాటిలో పెద్దది 6203. దాని చోటు, ఆర్3-11, తెర మీద కనబడుతుంది. తప్పు జరిగిన ఛాయ ఎక్కడా ఉండదు. ఎర్ర అక్షరాలుండవు, హెచ్చరిక ఉండదు. ఆ అరలో ఉన్నది 17 మిల్లీమీటర్ల రంధ్రమున్న బేరింగు, మెకానిక్కు చేతిలో ఉన్నది 20 మిల్లీమీటర్ల షాఫ్టు. ఈ కేసులో నష్టం తక్కువే, ఎక్కబోయి ఎక్కదు కనక అప్పుడే తెలిసిపోతుంది. అదే మందుల గోదాములోనో, పాత ఫైళ్ళ గదిలోనో అయితే పక్కది తీసుకున్న సంగతి ఎప్పటికో గానీ బయటపడదు. జాబితా ఎక్కే క్రమంలో లేకపోతే ఇంకా అన్యాయం. అప్పుడు వచ్చే జవాబు పక్కదో దూరపుదో కూడా ఊహించలేం.

దరిదాపు వెతుకులాటకు ఒక సమర్థన ఉంది, అది బలమైనదే: వేగం. నిఘంటువులో ‘మామిడి’ కోసం మనం మొదటి పేజీ నుంచి చదవం. మధ్యకు తెరుస్తాం, ‘ప’ వచ్చిందంటే ఎడమ సగం వదిలేస్తాం, కుడి సగాన్ని మళ్ళీ మధ్యకు తెరుస్తాం. క్రమంలో ఉన్న జాబితాను ఫార్ములా ఇలాగే సగానికి సగం కోస్తూ పోతుంది. ఎక్సెల్ షీటులో ఇప్పుడు పట్టే వరుసలు 10,48,576. రెండును ఇరవైసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. కాబట్టి షీటు నిండా సరుకున్నా ఇరవై కోతల్లో ఒక్క వరుసకు చేరుకోవచ్చు. పైనుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే సగటున అయిదు లక్షల పైచిలుకు వరుసలు చూడాలి. తేడా అపారమే. కానీ మూడు వేల రకాల సరుకున్న కొట్టు సంగతి వేరు. అక్కడ కోతలు పన్నెండు, ఒక్కొక్కటే చూడటమైతే సగటున పదిహేను వందలు. కంప్యూటరుకు ఈ రెండూ రెప్పపాటు లోపలివే. కంటికి కనబడని వేగం కోసం, కంటికి కనబడని తప్పును కొనితెచ్చుకోవడం బేరం కాదు. 2019లో ప్రకటించిన ఎక్స్‌లుకప్ ఏమీ చెప్పకపోతే ‘సరిగ్గా అదే కావాలి’ అని అర్థం చేసుకుంటుంది. పన్ను పట్టిక అలవాటు నుంచి సరుకు జాబితా అలవాటుకు రావడానికి స్ప్రెడ్‌షీట్లకు నలభై ఏళ్ళు పట్టిందన్నమాట.

సరిగ్గా అదే కావాలని అడిగినప్పుడు, అది లేకపోతే ఫార్ములా ‘ఎన్/ఏ’ అని చూపిస్తుంది. ఆ విలువ అందుబాటులో లేదని దానర్థం. చాలామందికి ఈ రెండక్షరాలు గిట్టవు. షీటు అందం చెడిందని, పైవాళ్ళకు పంపితే బాగుండదని, ఇంకో ఫార్ములా తొడిగి ఎన్/ఏ వచ్చినచోట ఖాళీయో సున్నాయో కనబడేలా చేస్తారు. ఈ అలంకారం ఎంత నష్టమో ఆలోచించండి. ‘మన దగ్గర ఆ సరుకు లేదు’ అన్నది ఒక జవాబు. ‘ఆ పేరుతో జాబితాలో ఏదీ రాసి లేదు’ అన్నది ఇంకో జవాబు. మొదటిదానికి ఆర్డరు పెట్టాలి, రెండోదానికి జాబితా సరిచూడాలి. సున్నా పెట్టేసినవాడు రెంటినీ కలిపేశాడు. అరలో పాతిక బేరింగులు పెట్టుకుని మరో యాభైకి ఆర్డరు పెట్టే పరిస్థితి ఇలాగే వస్తుంది. ఎక్స్‌లుకప్‌లో దొరకనప్పుడు ఏమనాలో మనమే రాసే వీలుంది. అక్కడ ‘జాబితాలో లేదు, పేరు సరిచూడు’ అని రాయడానికి అరనిమిషం పట్టదు. ఫార్ములా చెప్పగల జవాబులన్నిటిలోకీ నమ్మదగ్గది ఎన్/ఏ. తనకు తెలియదన్న సంగతి తనకు తెలుసునని ఒప్పుకునే జవాబు అదొక్కటే.

మరి జాబితాలో రాసి ఉండగా ఎన్/ఏ ఎందుకొస్తుంది? అంకె కనబడుతోంది, అడిగిందీ అదే, అయినా దొరకలేదంటుంది. ఫార్ములాను తిట్టుకునేది ఇక్కడే. కారణం దాదాపు ప్రతిసారీ పేరులో ఉంటుంది. బేరింగుకు రెండువైపులా ఇనుప మూతలుంటే నంబరు చివర జెడ్‌జెడ్ అని చేరుతుంది. ఒకరు 6204 తర్వాత జాగా వదిలి జెడ్‌జెడ్ రాస్తారు, ఒకరు అడ్డగీత పెడతారు, ఒకరు కలిపి రాస్తారు. మనిషికి మూడూ ఒకటే, ఫార్ములాకు మూడూ మూడు వస్తువులు. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి దించుకున్న జాబితాలో 6204 సంఖ్యగా కాక అక్షరాలుగా వచ్చి ఉండొచ్చు. కంటికి అదే 6204, కానీ సంఖ్యతో పోల్చితే కలవదు. చివర ఒక ఖాళీ జాగా అంటుకుని ఉన్నా అంతే. 00417 లాంటి కోడును మామూలు గడిలో కొడితే ముందరి సున్నాలు రాలిపోయి 417 మిగులుతుంది. ఇక ర్యాకు నంబరునే 3-12 అని కొట్టి చూడండి. మన దేశపు తేదీ అమరిక ఉన్న కంప్యూటరు దాన్ని డిసెంబరు మూడుగా మార్చేస్తుంది. 2024లో కొట్టి ఉంటే ఆ గడి లోపల దాగి ఉండే అసలు అంకె 45629. మూడో ర్యాకు పన్నెండో అర కాస్తా క్యాలెండరులోకి వలసపోయింది. ఇందాక ర్యాకు ముందు ‘ఆర్’ చేర్చి ఆర్3-12 అని రాసింది ఈ వలసను ఆపడానికే.

ఇది చదువురాని కొట్ల సమస్య అని తీసిపారేయడానికి లేదు. మనిషి జన్యువుల్లో కొన్నిటికి మార్చ్1, సెప్ట్2 లాంటి పొడి పేర్లుండేవి. ఎక్సెల్‌లో కొట్టగానే అవి మార్చి ఒకటి, సెప్టెంబరు రెండు అయిపోయేవి. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు పరిశోధనా పత్రాలతో జతచేసిన ఎక్సెల్ జన్యు జాబితాలను పరీక్షిస్తే, అలాంటి జాబితాలున్న పత్రాల్లో దాదాపు అయిదో వంతుకు ఈ తెగులుంది. చివరకు 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం నియమాలు మార్చింది. సెప్ట్2 సెప్టిన్2 అయింది, మార్చ్1 మార్చ్‌ఎఫ్1 అయింది. సాఫ్ట్‌వేర్ మారలేదు కనక జన్యువు పేరే మార్చుకోవాల్సి వచ్చింది. ఇందులో నవ్వొచ్చే సంగతి ఉన్నా నేర్చుకోవాల్సిందీ ఉంది. వస్తువును మోసే పేరు, దాన్ని మోసే సాధనం తట్టుకునేలా ఉండాలి. బోల్టుల సంగతి ఇంకో ఉదాహరణ. పది మిల్లీమీటర్ల మందం, యాభై పొడవు బోల్టును చాలా కొట్లలో మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టి 10*50 అని రాస్తారు. వీలుకప్‌కు నక్షత్రం ‘ఇక్కడ ఏమున్నా ఫరవాలేదు’ అని సైగ. పదితో మొదలై యాభైతో ముగిసేది ఏదైనా దానికి సమ్మతమే. జాబితాలో పైన 10*150 ఉంటే అక్కడే ఆగి దాని చోటు చూపిస్తుంది. సరిగ్గా అదే కావాలని గట్టిగా చెప్పినా ఇలాగే చేస్తుంది. మామూలు ఎక్స్‌లుకప్ ఈ సైగను పట్టించుకోదు. అయినా నక్షత్రం లేని పేరు రాసుకోవడమే క్షేమం.

తెలుగులో జాబితా రాసుకునేవాళ్ళకు ఈ చిక్కులు మరికొన్ని తోడవుతాయి. కిరాణా గోదాములో ఒకరు శనగపప్పు అని రాస్తారు, ఒకరు సెనగపప్పు అంటారు, మరొకరు శెనగపప్పు అంటారు. మూడూ ఒప్పే, మూడింటి రుచీ ఒకటే. ఫార్ములాకు మాత్రం మూడు బస్తాలు. బేరింగ్, బేరింగు అన్న తేడా కూడా అంతే. ఇంతకన్నా గడుసుది కంటికి కనబడని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట’ కింద ‘వ’ ఒత్తుగా దిగకుండా ఆపడానికి మధ్యలో వెడల్పులేని ఒక గుర్తు వాడతారు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. గుర్తు మాట చివర పడితే తెర మీద రెండు మాటలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, లోపల ఒకదాన్లో ఒక అక్షరం ఎక్కువ. ఐత్వాన్ని కూడా యూనికోడులో ఒకే గుర్తుగానూ, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. ఇలాంటప్పుడు తెలుగు వద్దని కాదు, తెలుగు పేరును వివరంగా పెట్టుకుని, వెతకడానికి మాత్రం అంకెల కోడు ఒకటి ఇవ్వమని. మెకానిక్కులు కొలతలు వదిలి 6204 అన్నది కూడా ఇందుకే కదా.

ఇప్పుడు ఎదురు వాదనలు విందాం. మొదటిది ప్రతి కొట్లోనూ వినబడేదే. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఉండగా షీటెందుకు, అడిగిన తక్షణం చేయి ఆ అర మీదకే పోతుంది కదా అని. ఇది నిజం, పైగా ఫార్ములాకు లేని శక్తి ఆయనకుంది. ‘నీళ్ళ మోటారుకు వేసేది, నీలం మూతది, చిన్నది’ అని చెప్పినా ఆయన పోల్చుకుంటాడు. పేరు తెలియనివాడి ప్రశ్నకు పేరు తేల్చేది ఆయనే. కానీ ఈ పొగడ్తలో రెండు పనులు కలిసిపోయాయి. ఏది కావాలో తేల్చడం ఒక పని, అది ఎక్కడుందో చెప్పడం మరొక పని. మొదటిది అనుభవం పని, ఫార్ములా దాని జోలికి రాలేదు. రెండోది అనుభవానికి చాకిరీ. అది ఒక్క తలలోనే ఉంటే ఆ మనిషికి జ్వరమొచ్చిన రోజు కొట్టుకీ జ్వరమొస్తుంది. ఎక్కడన్న ప్రశ్నను షీటుకు అప్పజెప్పితే, ఏదన్న ప్రశ్నకు ఆ మనిషి పూర్తిగా మిగులుతాడు. అనుభవానికి విలువ తగ్గించమని ఈ వాదం అడగట్లేదు, దాన్ని అరలు గుర్తుపెట్టుకోవడంలో ఖర్చు చేయొద్దంటోంది.

రెండో వాదన: షీటులో వెతకడానికి ‘ఫైండ్’ ఉందిగా, ఫార్ములా ఎందుకు? ఒక్క వస్తువు కోసమైతే నిజంగానే ఫైండ్ చాలు. ముక్క మాట ఇచ్చినా పట్టుకుంటుంది. నలభై పార్టుల ఆర్డరు వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. ఫార్ములా నలభై వరుసల పక్కనా చోటు నింపుతుంది, ఆ కాలమ్‌ను బట్టి జాబితాను మళ్ళీ వరస చేస్తే మొదటి ర్యాకువన్నీ ఒకచోట, రెండో ర్యాకువన్నీ ఒకచోట వస్తాయి. నలభైసార్లు అటూ ఇటూ తిరగాల్సినవాడు గోదాములో ఒక్క చుట్టు చుట్టి వస్తాడు. ఇక్కడ వీలుకప్ లోపాలు రెండు చెప్పుకోవాలి. ఎన్నో కాలమ్ అన్నది దానికి అంకెగా చెబుతాం. ఎవరైనా మధ్యలో కొత్త కాలమ్ చేరిస్తే ఆ అంకె పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. చేరింది ధర కాలమ్ అయితే, ఎక్కడుందని అడిగితే 185 అని జవాబొస్తుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. చేరింది ‘పాత ర్యాకు’ అయితే జవాబు నిజంలాగే ఉంటుంది. ఇండెక్స్, మ్యాచ్ అనే రెంటినీ జతచేసి వాడినా, ఎక్స్‌లుకప్ వాడినా ఈ గండం తప్పుతుంది, ఎందుకంటే అవి కాలమ్‌ను లెక్కతో కాక చిరునామాతో పట్టుకుంటాయి. రెండోది, ఒకే బేరింగు కింద అరలోనూ మేడమీదా ఉంటే లుకప్ మొదట కనబడ్డ వరుసతో ఆగిపోతుంది. అలాంటి సరుకుకు ఒక్కో చోటుకు ఒక్కో వరుస రాసుకుని, అన్ని వరుసల్నీ చూపే ఫిల్టర్ ఫార్ములా వాడాలి.

మూడో వాదన బరువైనది. స్ప్రెడ్‌షీటు డేటాబేస్ కాదు, సరుకు నడిపించడానికి అసలైన సాఫ్ట్‌వేర్ కొనాలి అంటుంది. దీనికి సాక్ష్యం కూడా గట్టిదే. 2020 సెప్టెంబరు చివర్లో ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్ళ గుండా పంపారు. ఆ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. 15,841 మంది రోగుల లెక్క సమయానికి అందలేదు, వాళ్ళతో మెలిగినవాళ్ళను హెచ్చరించడం ఆలస్యమైంది. లక్షల వరుసలు, పదిమంది ఒకేసారి రాయడం, ఎవరు ఎప్పుడు మార్చారో తెలియాల్సి రావడం, ఇవన్నీ ఉన్నచోట షీటును పట్టుకు వేలాడటం మొండితనం. కానీ ఈ వాదన సాధనాన్ని మార్చమంటుందే గానీ సూత్రాన్ని మార్చదు. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనా మీద నడిచే డేటాబేసుల్లో కూడా ప్రతి వరుసనూ వేరుచేసి చూపే కీ ఉండి తీరాలి. 6204ను మూడు రకాలుగా రాసే అలవాటును లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, మూడు రకాల 6204లు అందులో ఖరీదుగా బతుకుతాయి. మూడు వేల వరుసల షీటులో పేర్లు చక్కబెట్టుకున్న కొట్టుకు పెద్ద సాఫ్ట్‌వేర్‌కు మారడం ఒక వారం పని. చక్కబెట్టుకోనివాళ్ళకు ఏ సాఫ్ట్‌వేరూ ఆ పని చేసిపెట్టదు.

ఇన్ని చెప్పినా ఒక వాదన మిగిలే ఉంది, దానికి ఫార్ములాల్లో జవాబు లేదు. పేరు సరిగ్గా ఉంది, వరుస సరిగ్గా ఉంది, ఫార్ములా ఆర్3-12 అంది, వెళ్ళి చూస్తే అర ఖాళీ. నిన్న సాయంత్రం ఎవరో జాగా కోసం డబ్బాను మేడమీదికి మార్చి రాయడం మరిచారు. ఫార్ములా చెప్పింది మొన్నటి నిజం. ఇలాంటిది రెండుసార్లు జరిగితే కౌంటరులో ఎవరూ షీటును నమ్మరు, నమ్మనిదాన్ని ఎవరూ దిద్దరు, దిద్దనిది ఇంకా చెడుతుంది. అమెజాన్ గోదాములో వస్తువును అరలో పెట్టడమూ స్కాన్ చేయడమూ ఒకే కదలికగా ఉండటానికి కారణం ఇదే. రాయడాన్ని తర్వాతి పనిగా వదిలితే అది ఎప్పటికీ తర్వాతి పనిగానే మిగులుతుంది. చిన్న కొట్లో స్కానరు లేకపోయినా, ర్యాకు పక్కన వేలాడే పలకా సుద్దముక్కా ఆ పని చేయగలవు. కదిపిన చేయి అక్కడికక్కడే గీకుతుంది, సాయంత్రం ఒకరు దాన్ని షీటుకెక్కిస్తారు.

షీటు ఎంతవరకు నమ్మదగ్గదో తెలుసుకోవడానికి ఆడిటర్లు వాడే పద్ధతి ఒకటుంది, దానికి ఏ ఫార్ములా అక్కర్లేదు. షీటులో పది వరుసలు ఎన్నుకుని, అవి చెప్పే అరల దగ్గరికి వెళ్ళి సరుకుందో లేదో చూడాలి. తర్వాత తిరగేయాలి. అరల్లోంచి చేతికందిన పది డబ్బాలు తీసి, వాటి పేర్లు షీటులో ఉన్నాయో లేదో, ఉంటే అదే చోటు చెబుతున్నాయో లేదో చూడాలి. మొదటి తనిఖీ రాసి ఉండి లేనివాటిని పట్టుకుంటుంది, రెండోది ఉండి రాయనివాటిని పట్టుకుంటుంది. ఒక్క వైపే చూసేవాడికి రెండో రకం తప్పు ఎన్నటికీ కనబడదు, 6204ను ఎక్కించడం మరిచిన సంగతి కనబడనట్టే. ఇరవై డబ్బాలు చూడటానికి అరగంట పట్టొచ్చు. ఆ ఇరవైలో ఎన్ని కలిశాయో, రేపు పొద్దున కౌంటరులో ఫార్ములా చెప్పబోయే జవాబుల విలువ సుమారుగా అంతే.